పెరట్లో కోస్ మినార్

ఓల్డ్ రాజిందర్ నగర్,
ఢిల్లీ

ప్రేమగల అరుంధతక్కకు,

ఫోన్ చేస్తే నన్ను మాట పూర్తి చేయనివ్వవు. అందుకే ఈ ఉత్తరం. మధ్యలో కోప్పడకుండా చివరిదాకా చదువు.

ఈసారీ సివిల్స్ ప్రిలిమ్స్ పోయింది కదా, ఆ తర్వాత మైథిలి గారనే ఆవిడ దగ్గర చిన్న పనికి కుదిరాను. పాత కట్టడాల దగ్గర రోడ్డు పక్కన చరిత్ర చెప్పే బోర్డులుంటాయే, అవి రాసే పని. మొదటిది ఫరీదాబాద్ దాటాక ఒక చిన్న ఊళ్ళో కోస్ మినార్‌కి. పూర్వం బాటసారులకు దూరం తెలియడానికి కోసుకొకటి, అంటే సుమారు రెండు మైళ్ళకొకటి చొప్పున కట్టిన ఇటుక స్తంభం అది. టైర్ల కొట్టుకీ పెళ్ళిళ్ళ హాలుకీ మధ్య నిలబడి ఉంది. కోసుకొకటైతే మరి తర్వాతిది ఎక్కడ? ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ఆటో ఎక్కుతూ దిగుతూ, కనిపించిన వాళ్ళందర్నీ అడిగి, చివరికి ఒక ఇంటి పెరట్లో, గేదెల పక్కన, చుట్టూ పిడకలు పేర్చి ఉండగా పట్టుకున్నాను.

సంతోషం పట్టలేక దానికి ఆనుకుని సెల్ఫీ తీసుకుంటుంటే ఆ ఇంటి కోడళ్ళు ఒకటే నవ్వు. "అరే బేటీ, వో హమారే ససుర్‌జీ హై!" అంది వాళ్ళ అత్తగారు. మామగారట! ఆ ఇంట్లో అందరికంటే పెద్ద అదే కాబట్టి, దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు కోడళ్ళంతా కొంగు ముఖమ్మీదికి లాక్కుంటారు. డెబ్భై దాటిన అత్తగారు కూడా లాక్కుంది. ఎప్పట్నుంచి ఈ పద్ధతి అని అడిగితే, మా అత్త కూడా ఇంతే అంది. అంతకుమించి వాళ్ళకూ తెలియదు. నేనేమో వెళ్ళీ వెళ్ళగానే మామగారి భుజమ్మీద వాలిపోయాను.

రూముకొచ్చి బోర్డు రాశాను. నేపథ్యం, ప్రాముఖ్యం, సవాళ్ళు, ముందున్న మార్గం అని పరీక్షలో లాగే శీర్షికలు పెట్టి. మైథిలి గారు చదివి, "కావేరీ, దీనికి పదిహేనుకి పది మార్కులేస్తాను గానీ, నాకు బోర్డు రాసివ్వమ్మా" అన్నారు. ముందు నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. దేన్ని చూసినా జవాబు రాయడమే తప్ప, అదేమిటో తెలుసుకోవాలనిపించడం ఎప్పుడో మానేసింది నాకు. ఆ పెరట్లో మళ్ళీ అనిపించిందక్కా.

ఇంకో ప్రయత్నం మిగిలే ఉంది. నేను రాయను. మైథిలి గారు ఉద్యోగమిస్తానన్నారు. కలెక్టరు కావాలన్నది మొదట నీ కోరిక. నాన్న నీకు పెళ్ళి చేసేస్తే దాన్ని నాకిచ్చావు. అందుకే అందరికంటే నీతో చెప్పడానికే భయం. సరే అనక్కా.

నీ చెల్లెలు
కావేరి


చీరాల

కావేరీ,

చదివి ఒళ్ళు మండిపోయింది. ఆ రోజంతా బ్యాంకులో అందరి మీదా విసుక్కున్నాను. ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. ఆ తర్వాత మీ బావగారికి చదివి వినిపించాను. సెల్ఫీ దగ్గర ఇద్దరం పడీ పడీ నవ్వాం.

నాలుగేళ్ళుగా ఫోన్లో "తిన్నాను, చదువుతున్నాను" తప్ప నీ నోట మూడో మాట వినలేదే నేను. పైకి అనలేదు గానీ, నీమీద చాలా బెంగపెట్టుకున్నాను. నా కోరిక నీకంటే ఎక్కువేమీ కాదు.

పరీక్ష రాయొద్దు. నేనే మాన్పించానని నాన్నకు నిన్న చెప్పేశాను. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడటం లేదు. పర్లేదు, అది నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం ఆయనకు ఫోన్ చేసి, ఉద్యోగం వచ్చిందని చెప్పు.

మీ అక్క
అరుంధతి