చుట్టల కట్ట బదులు అద్దం

కంచరపాలెం, విశాఖపట్నం
14-8-1983

చిరంజీవి సౌభాగ్యవతి గంగాభవానికి అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్నా నేనూ కులాసా. ఖరగ్‌పూర్‌లో నువ్వు, అల్లుడుగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఆవకాయ ఈ ఏడు బాగానే ఊరింది. మీ నాన్నకి పోర్టులో ఇప్పుడన్నీ పగటి డ్యూటీలే. ఇక, ఈసారి చుట్టలు మరిచిపోవద్దని కింద రెండు గీతలు గీసి మరీ రాశావు. ఈ ఉత్తరం తెచ్చిన వరహాలు మావయ్య చేతి మూటలో ఆవకాయ ఉంది, చుట్టల కట్ట లేదు. ఆ చోట చిన్న అద్దం పెట్టాను. కోపం తెచ్చుకోకుండా చదువు.

నేను చుట్ట మానేసి నలభై రోజులైంది. "ఏటే, ఇంట్లో పొగ నేదు, పొయ్యి ఆరిపోనాదేటి?" అని మీ నాన్న ఎగతాళి. చేతులకి ఏమీ తోచక తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాను.

కారం తింటే అంగిలి మండుతోందని ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ టార్చిలైటు వేసి చూసింది. అంగిలంతా తెల్లబడి, మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయట. "అడ్డపొగ తాగుతావా?" అంది. మనవైపు ఆడవాళ్ళం చుట్ట నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకునే కదా తాగుతాం, గాలికి ఆరదని.

"ఒకసారి కాలితే వాచి మానిపోతుందమ్మా. రోజూ అక్కడే కాలుస్తుంటే ఆ వాపుకి మానే తీరికేది? ఏళ్ళ తరబడి అలా ఉన్నచోటే రాచపుండు లేస్తుంది. అందరికీ రాదు. వచ్చే దారి మాత్రం నువ్వే వేస్తున్నావు" అంది.

నాకు రోషం వచ్చింది. "మాయమ్మా తాగీది, దానికేటయిందీ?" అన్నాను.

"ఎలా పోయింది మీ అమ్మ?"

మీ అమ్మమ్మ నోట్లో పుండుతో, ఆఖరి నాలుగు నెలలూ గంజి కూడా మింగలేక చనిపోయింది. అమ్మవారికి కోపం వచ్చిందనుకుని మొక్కులు మొక్కాం. పొగ తగిలితే నొప్పి తగ్గుతుందని చుట్ట వెలిగించి ఇచ్చింది నేనే.

మొదట కులాసా అని రాశాను చూడు, అది అలవాటు కొద్దీ రాసిన మాట. నా అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం ఇంకా రాలేదు. భయంగానే ఉంది. కానీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు. నీ పన్నెండో ఏట పన్ను నొప్పికి ఏడుస్తుంటే, నా నోట్లో చుట్ట తీసి నీ నోట్లో పెట్టాను. నువ్వు దగ్గుతుంటే నవ్వాను కూడా. నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు. అత్తవారింటికి వెళ్ళాక కూడా కట్టలు కట్టి పంపింది నేనే. తప్పు నాది తల్లీ.

తొందరగా మానేస్తే చాలామందికి అంగిలి మళ్ళీ మామూలు రంగుకి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఈ అద్దం పట్టుకుని, వాకిట్లో ఎండకి నిలబడి, నోరు బాగా తెరిచి చూసుకో. ఏ రంగు కనిపించిందో ఉన్నదున్నట్టు రాయి. నన్ను తిట్టాలనిపిస్తే అదే ఉత్తరంలో తిట్టు, కానీ రంగు రాయడం మానకు.

ఇట్లు,
నీకు మొదటి చుట్ట ఇచ్చిన మీ అమ్మ,
ఆదిలక్ష్మమ్మ