అరువు పిల్లలు

పడవ మీద నుంచి

ప్రియమైన మాస్టారూ,

ఒరేయ్ అని మొదలుపెడదామనుకున్నాను. నీ శిష్యులెవరైనా చదివితే నీ పరువు పోతుందని మానేశాను. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరి పలక చూసి ఒకరం ఒకే లెక్క తప్పు చేసేవాళ్ళం. ఇప్పుడు నువ్వు లెక్కలు చెబుతున్నావు. నేను దానంగా వచ్చిన పలకలూ పుస్తకాలూ తెరచాప పడవలో వేసుకుని దీవి దీవికీ మోస్తున్నాను. నలుగురూ మంచి పని అంటారు. నాకు మాత్రం మూటలు ఎక్కించడం, మూటలు దించడం, అంతే.

ఈ విడత తొమ్మిది దీవులు. ఎప్పటిలాగే నీది చివర. అక్కడికి రెండు రోజుల దారి, నీళ్ళు తప్ప ఏమీ కనపడవు. నెలాఖరుకి చేరతాను. నీ బడికి పైకప్పు రేకులు, రెండు బల్లలు, ఒక నీళ్ళ డ్రమ్ము ఉన్నాయి.

ఒక సంగతి. సామాను దించాక పిల్లలందర్నీ నిలబెట్టి ఫొటో తీయాలి కదా, దానం ఇచ్చినవాళ్ళకి చూపించడానికి. ఇరవై మందికి తగ్గితే బడిని జాబితాలోంచి తీసేస్తారు. మిగతా ఎనిమిది బడుల్లో ముప్పైకి తక్కువ లేరు, ఈ బెడద నీ ఒక్కడికే. పోయినసారి ఇరవై ఒక్కరున్నారు. ఈసారి పద్నాలుగే అని ఉప్పు పడవ వాళ్ళు చెప్పారు. ఏదో ఒకటి చూడు. నీ బడి పోతే నేను అంత దూరం వచ్చే పనే ఉండదు. నీ మొహం చూడటానికి ఆఫీసు వాళ్ళు పడవ ఇవ్వరు.

ఇట్లు,
నీ సరంగు


బడి నుంచి

ప్రియమైన సరంగూ,

ఉత్తరం అందింది. పద్నాలుగు నిజమే. చేపలు పడక మూడు కుటుంబాలు ఇళ్ళకి తాళాలు వేసుకుని పెద్ద రేవుకి వెళ్ళిపోయాయి. ఏదో ఒకటి చూడమంటే ఏం చూడను? పిల్లల్ని ఎక్కణ్ణుంచి పుట్టించను?

అని రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. ఇవాళ మళ్ళీ తీశాను. మాకు ఎదురుగా ఒక చిన్న దీవి ఉంది చూడు, నువ్వు వచ్చేటప్పుడు నీకు ఎడమచేతి వైపు. అక్కడ ఐదు ఇళ్ళు, ఆరుగురు పిల్లలు. బడికి వెళ్ళే ఈడే, బడి లేదు. తెడ్ల పడవలో గంట దూరం. మధ్యలో నీటి వడి ఎక్కువ, రోజూ రాలేరు. నిన్న వెళ్ళి, ఒక్కరోజుకి పంపండని పెద్దవాళ్ళని అడిగాను. మధ్యాహ్నం భోజనం పెడతానన్నాను. ఒప్పుకున్నారు.

అందులో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి ఉంది, కబుర్లపోగు. నేను పడవ దిగింది మొదలు ఎక్కేదాకా దాని నోరు మూతపడలేదు. ఫొటోలో నవ్వాలా, నవ్వకూడదా అని అడిగింది. పలక ఇస్తారా, ఇచ్చి మళ్ళీ తీసుకుంటారా అని అడిగింది. తీసుకుంటామని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చేస్తున్న పని నాకు నచ్చలేదు. కానీ పద్నాలుగు మందికి ఈ బడి తప్ప ఇంకోటి లేదు.

ఉంటాను,
మాస్టారు


రేవు నుంచి

ప్రియమైన మాస్టారూ,

గండం గట్టెక్కింది. ఫొటో ఆఫీసుకి చేరింది, నీ బడి జాబితాలోనే ఉంది. ఆవేళ గాలి తిరుగుతోందని నీతో నాలుగు మాటలైనా ఆడకుండా లంగరు ఎత్తేశాను. ఏమీ అనుకోకు. నేను మలుపు తిరిగేదాకా ఆ ఆరుగురూ ఒడ్డున నిలబడి చేతులు ఊపుతూనే ఉన్నారు.

ఫొటోని పెద్దది చేయించి ఆఫీసు గోడకి కొట్టారు. ముందు వరసలో పన్ను ఊడిన పిల్ల, పలకని తలకిందులుగా పట్టుకుంది చూడు, అదేనా నీ కబుర్లపోగు? వచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగుతున్నారు. మేనేజరమ్మ ఆ పిల్ల పేరు అడిగింది. తెలీదన్నాను. రాసి పంపు.

పడవని ఒడ్డుకి లాగి అడుగు చెక్కలు మారుస్తున్నారు. వానలు తగ్గేదాకా నాకు పని లేదు.

నీ సరంగు


రేవు నుంచి

మాస్టారూ,

ఉప్పు పడవ రెండుసార్లు వచ్చి వెళ్ళింది, నీ ఉత్తరం లేదు. ఒంట్లో ఎలా ఉంది? నీ అలక నాకు కొత్త కాదు గానీ రెండు నెలలు అలగడం కొత్త. ఒక్క ముక్కైనా రాయి.

సరంగు


బడి నుంచి

ప్రియమైన సరంగూ,

ఒంట్లో బాగానే ఉంది. బడి నడుస్తోంది. రేకులు వేయించాను, వాన కారడం లేదు.

నువ్వు పేరు అడిగిన పిల్ల లేదు.

నువ్వు వెళ్ళిన గంటకి వాళ్ళ పడవ బయల్దేరింది. గాలి తిరుగుతోందని నువ్వన్న మాట నేనూ విన్నాను. ఆ పూట ఉండిపొమ్మని చెప్పాల్సింది. అందరికీ పక్కలు ఎక్కడ వేస్తాను, వాళ్ళ అమ్మలు ఎదురుచూస్తుంటారు అనుకున్నాను. ఒక్కొక్కర్నీ చేయి పట్టుకుని నేనే ఎక్కించాను. వడి దగ్గర పడవ తిరగబడింది. తెడ్డు వేసిన మనిషీ ఐదుగురు పిల్లలూ పడవ అంచు పట్టుకుని బతికారు. ఆ పిల్ల పలక వదల్లేదట. మిగతావాళ్ళు చెప్పారు. ఆ పలక వెనక్కి తీసుకోకుండా ఉంచుకోమన్నది నేనే.

మూడో రోజు వాళ్ళ నాన్న వచ్చాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. గుమ్మంలో కూర్చున్నాడు. కాసేపటికి, "మాస్టారూ, మా పిల్ల ఆ రోజు ఏం చదువుకుంది?" అని అడిగాడు.

ఆ రోజు మనం ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు. ఎండలో నిలబెట్టి ఫొటో తీశాం. తన పేరు రాయడం నేర్చుకుందని చెప్పాను. తలూపి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. పొద్దున్నే గంట కొడతాను, హాజరు వేస్తాను, ఎక్కాలు చెప్పిస్తాను. అన్నం తిన్నానో లేదో గిన్నె చూసి తెలుసుకుంటున్నాను. పిల్లలు ఏదైనా అడిగితే జవాబు చెబుతాను, చెప్పేది ఇంకెవరో అన్నట్టు ఉంటుంది. నీమీద కోపం తెచ్చుకుందామని కూడా చూశాను. రాలేదు.

పేరు పంపను. గోడ మీంచి ఆ ఫొటో తీసేయించు. బడిని తీసేస్తే తీసేయనీ.

మాస్టారు


రేవు నుంచి

ప్రియమైన మాస్టారూ,

నీ ఉత్తరం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పడవకి తారు పూయడానికి వెళ్ళాను. సాయంత్రం దాకా పూశాను. పొద్దున్నుంచీ ఒకే చెక్కకి పూస్తున్నానని వడ్రంగి వచ్చి చెబితే గానీ తెలియలేదు. కుంచె ఆయన చేతికిచ్చి గదికి వచ్చేశాను.

మర్నాడు మేనేజరమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఇరవై మంది లేకపోతే బడి పోతుందని ఆరుగుర్ని అరువు తెచ్చామని, ఏదో ఒకటి చూడమన్నది నేనేనని. ఇరవై అని ఎవరు చెప్పారని ఆవిడ అడిగింది. నాకన్నా ముందు పడవ నడిపిన ముసలాయన చెప్పాడన్నాను, పన్నెండేళ్ళ కిందట. ఆయనకి ఎవరు చెప్పారంది. తెలీదన్నాను. ఇన్నేళ్ళలో రేవులో ఉన్నప్పుడల్లా ఆఫీసుకి వెళ్ళి టీ తాగి వచ్చాను, ఆ మాట నిజమేనా అని ఒక్కసారి అడగలేదు. నేను చెప్పింది నిజమేనా అని నువ్వూ అడగలేదు.

అలాంటి రూలు లేదురా. ఎప్పుడూ లేదు. ఇద్దరు పిల్లలున్నా సామాను పంపేవాళ్ళట.

నేను లేచి వచ్చేస్తుంటే ఆవిడ మళ్ళీ పిలిచింది.

"ఆ ఆరుగురికీ బడి లేదని మీ ఇద్దరికీ తెలుసు. ఆ ఒక్క ముక్క నాకు రాసి ఉంటే వాళ్ళ దీవికే టీచర్ని పంపేదాన్ని కదా. ఎందుకు రాయలేదు?"

ఏడాదికి మూడుసార్లు ఆ ఐదు ఇళ్ళ పక్కనుంచే వెళ్ళాను. పడవ నిండా పలకలున్నాయి. మనకి లెక్కకి ఆరుగురు కావలసి వచ్చినప్పుడు గానీ వాళ్ళు మన కళ్ళకి ఆనలేదు. దీనికి ఏడవాలని నాకూ తెలుసు. నీలాగే ఉంది నాకూ.

ఫొటో తీసేశారు. నీ బడి ఉంటుంది. ఎదురు దీవికి ఒక టీచరమ్మ వస్తోంది, ఆ ఐదుగురి కోసం. ఈ విడతకి ఇంకో సరంగుని పెడతానని మేనేజరమ్మ అంది. వద్దు, నేనే తీసుకెళ్తానన్నాను. వానలు తగ్గాయి, ఎల్లుండి బయల్దేరుతున్నాం. ఈసారి దారిలో ఎక్కడా ఆగం.

ముందు నీ ఒడ్డుకి వస్తాను, సిద్ధంగా ఉండు. ఇద్దరం కలిసి వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాలి. అలాంటి రూలు లేదని ఆయనకి నేను చెబుతాను. ఆ రోజు ఆ పిల్ల ఏమీ చదువుకోలేదని నువ్వు చెప్పాలి.

ఇట్లు,
సరంగు