సీటు కింద తీగ

ధ్యానాశ్రమం క్వార్టర్స్,
భద్రాచలం రోడ్డు,
మట్టల ఆదివారం తర్వాతి మంగళవారం.

ముత్యాలమ్మకు అంతోనయ్య రాస్తున్నది.

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మన కోళ్లూ క్షేమం. అక్కడ నువ్వు, బ్లెస్సీ, అల్లుడు, పసిగుడ్డు క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను గానీ, తొమ్మిది రోజులుగా నేను క్షేమంగా లేను. అన్నం ముందు కూర్చుంటే కోపం వస్తోంది, లేస్తే కోపం వస్తోంది.

పచ్చడి సీసాతో నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా నేనూ ఉత్తరమే రాస్తున్నానేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెడతావు. ఎర్రుపాలెంలో వియ్యపురాలితో సహా వీధి వీధంతా వింటుంది. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి.

ముందు నువ్వు అడిగినవి. మోకాలి నొప్పి తగ్గింది. మందు వేసుకుంటున్నాను, నిజంగానే వేసుకుంటున్నాను. పొదిగిన గుడ్లు పన్నెండింటిలో తొమ్మిది పిల్లలయ్యాయి. పచ్చడిలో ఉప్పు ఎక్కువైంది, ఆ మాట బ్లెస్సీ అత్తగారితో అనకు. ఇక చివర అడిగావు చూడు, ‘గుడి ముందర అందరూ చూస్తుండగా మేనేజర్ మీద కేకలేశారట, నిజమేనా?’ అని. నిజమే. అవసరమైతే మళ్లీ వేస్తాను. నీకు ఎవరు మోశారో గానీ సగమే మోశారు, మొత్తం నేను చెబుతాను.

నిరుడు మన ఆశ్రమానికి గడ్డి కోసే బండి వచ్చింది కదా, పైన కూర్చుని నడిపేది. దాన్ని నేర్పడానికి వచ్చిన మెకానిక్ నాకు ఒక రోజంతా పాఠం చెప్పాడు. ఎక్కే ముందు నేలంతా నడిచి రాళ్లు, కొమ్మలు, తీగలు ఏరెయ్యాలి. బండిని చదునైన చోట పెట్టి ఆయిలు చూసుకోవాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పొయ్యాలి. షెడ్డు తలుపులు మూసి స్టార్టు చేస్తే ఆ పొగకు మనిషి సోయి తప్పి పడిపోతాడు. బ్లేడు లివరు ఆపి ఉందా, బ్రేకు పడిందా, గేరు తీసి ఉందా చూసుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అప్పుడు తాళం తిప్పాలి. అన్నింటికంటే ముఖ్యం, సీటు కింద ఒక స్విచ్చు ఉంటుంది. బ్లేడు తిరుగుతుండగా మనిషి సీటు మీద నుంచి లేచాడా, ఇంజిన్ ఠక్కున ఆగిపోతుంది. మనిషి తప్పు చేసినా బండి తప్పు చెయ్యకూడదని పెట్టారన్నమాట.

ఇదంతా నేను ఏడాదిగా చేస్తూనే ఉన్నాను. చేస్తుంటే మేనేజర్ శాంతికుమార్ సారు నవ్వేవాడు. “ఏందన్నా, విమానం లేపుతున్నవా?” అనేవాడు. గడ్డి కోయడానికి పావుగంట పూజ అక్కర్లేదట. దవాఖానాకు పోవాల్సిన పని పడితే గానీ ఇలాంటివాళ్లకు పావుగంట విలువ తెలియదు.

ఈస్టరుకు విరాళాలిచ్చే దొరలు వస్తున్నారని, వాళ్లకు పంపడానికి సారుకు వీడియో కావాల్సి వచ్చింది. కిందటి ఆదివారం కాక అంతకుముందు ఆదివారం, పొద్దున ఆరున్నరకు ఇస్త్రీ చొక్కా వేసుకుని తనే బండి ఎక్కాడు. నేల నడవలేదు, చుట్టూ చూడలేదు. నేను షెడ్డు దగ్గర పైపు విప్పుతున్నాను. “సార్, ఇప్ప చెట్టు కింద మనుషులున్నరు” అని అరిచాను. “నాకు కండ్లున్నయి” అన్నాడు.

చెట్టు కింద ఉన్నది భారతమ్మ. నీకు తెలియనిదేముంది, అవతలి గూడెం జంపయ్య భార్య, మనకు తునికిపండ్లు తెచ్చే మనిషి. ఈ ఆశ్రమం కట్టకముందు నుంచీ ఆ చెట్టు పువ్వు ఏరుకునేది వాళ్ల ఇల్లే. ఆమె ఆ పూట కూడా వంగి ఏరుకుంటోంది. సారు బ్లేడు తిప్పుకుంటూ పల్లానికి వచ్చాడు. ఫోన్‌తో వీడియో తీసుకోబోయేసరికి ఆమె బుట్ట అందులో పడుతోందట. దొరలకు బుట్ట కనిపిస్తే పరువు పోతుందట! కాలితో పెడలు తొక్కి బండిని ఆపి, గేరు తియ్యకుండా, బ్రేకు వెయ్యకుండా, బుట్ట జరపడానికి దిగాడు. కాలు తియ్యగానే బండి తనంతట తనే కదిలింది. భారతమ్మ చప్పుడుకు తిరిగేసరికి మీదికి వచ్చేసింది. ఎడమ కాలు రెండు వేళ్లు పోయాయి. ఇప్ప మొద్దుకు గుద్దుకుని బండి నిలబడింది గానీ, లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఆమెను జీపులో భద్రాచలం తీసుకుపోయారు. మర్నాడే సారు కాగితం తయారు చేశాడు. ‘అనుమతి లేకుండా లోపలికి వచ్చిన స్త్రీ నడుస్తున్న బండికి అడ్డం వచ్చినందున’ అట! ఇక మీదట పువ్వు ఏరేవాళ్లను గేటు దాటనివ్వకూడదట. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు, తను చేసినదానికి గూడెం మొత్తానికి గేటు మూస్తాడట. ఆ కాగితం మీద సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. అందుకే గుడి ముందర కేకలేశాను. “నువ్వు దిగినవు, బండి పోయింది. ఆమె యాడికి అడ్డం వచ్చింది సార్? వీపు నీ దిక్కుంటే అడ్డమెట్ల వస్తది?” అని అడిగాను. పెట్టను అన్నాను. చెయ్యి నరికినా పెట్టను అన్నాను. అక్కడున్న వాళ్లంతా నన్ను మెచ్చుకున్నారు. అంతోనయ్య నిప్పు అన్నారు.

ముత్యాలమ్మా, ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి బయటికి పోయి వచ్చాను. ఇక దాచను.

చెట్టు కింద గడ్డి కోసేటప్పుడు రాలిన పువ్వు మీదుగా బండి పోనివ్వడం నాకు ఇష్టం ఉండదు. భారతమ్మ రాలిన పువ్వును ఎవరినీ తొక్కనివ్వదు. నేనూ ఆమెను చూసి అలవాటు పడ్డాను. నాలుగు గజాలకోసారి దిగి చీపురుతో పువ్వును పక్కకు తోసి మళ్లీ ఎక్కాలి. దిగినప్పుడల్లా ఇంజిన్ ఆగేది. బ్లేడు ఆపి, గేరు తీసి, బ్రేకు వేసి దిగితే ఆగదు, మెకానిక్ ఆ మాట కూడా చెప్పాడు. ఆ మూడు పనులు చేసే ఓపిక నాకు లేకపోయింది. పువ్వు రాలడం మొదలైన వారానికే సీటు కింది స్విచ్చు రెండు వైర్లనూ ఒక తీగ ముక్కతో కలిపేశాను. ఆ తర్వాత ఎవరు దిగినా ఇంజిన్ ఆగేది కాదు.

పైగా బండి వచ్చిన కొత్తలో సారుకు గొప్పగా చెప్పింది నేనే. “లేస్తే చాలు సార్, అదే చచ్చిపోతది” అన్నాను. ఆ మాట నమ్ముకునే ఆయన ఆ పొద్దున దిగాడు.

ఇంకా ఉంది. భారతమ్మ కేక విని అందరూ ఆమె దగ్గరికి పరిగెత్తారు. నేను బండి దగ్గరికి పరిగెత్తాను. బండి తాళం తియ్యడానికి పోతున్నానని అనుకున్నారు. తాళం తిప్పిన మాట నిజమే. తిప్పి, సీటు కిందికి చెయ్యి పెట్టి, ఆ తీగను పీకి జేబులో వేసుకున్నాను. ఆ తర్వాతే ఆమె దగ్గరికి వెళ్లాను.

ఈ ఉదయం డైరెక్టర్ ఫాదర్ విచారణ పెట్టారు. మెకానిక్ వచ్చి అందరి ముందూ మూడుసార్లు లేచి చూపించాడు, మూడుసార్లూ ఇంజిన్ ఆగింది. శాంతికుమార్ సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఆ రోజు ఆగలే ఫాదర్. ప్రమాణం చేసి చెప్తున్న, నేను దిగినంక ఆగలే” అన్నాడు. ఎవరూ నమ్మలేదు, ఆ గోలలో ఇంజిన్ సంగతి ఎవరికీ గుర్తులేదు. తప్పించుకోవడానికి బండి మీద నెడుతున్నాడని ఎవరో అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా మూలన నిలబడ్డాను. అప్పుడు ఫాదర్ నా వైపు తిరిగారు. “అంతోనయ్యా, నువ్వు అబద్ధం చెప్పవు. రోజూ నడిపేది నువ్వే. దిగితే ఆగుతదా, ఆగదా?” అన్నారు.

తొమ్మిది రోజులు ఆయన్ను అబద్ధాలకోరని తిట్టాను, ముత్యాలమ్మా. అబద్ధపు కాగితం రాసింది ఆయనే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఒక్క మాట మాత్రం ఆయనది నిజం, అది నిజమని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. జేబులోంచి తీగ తీసి బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. సారు కొడతాడేమో అనుకున్నాను. కుర్చీలో కూలబడి, “నాకే పిచ్చి లేచిందేమో అనుకున్న అన్నా ఇన్ని దినాలు” అని ఏడ్చాడు. భారతమ్మ మీద రాసిన కాగితాన్ని ఫాదర్ చింపేశారు, గేటు ముయ్యొద్దన్నారు. నా సంగతి ఈస్టరు తర్వాత చెబుతామన్నారు. క్వార్టర్స్ ఖాళీ చెయ్యాల్సి రావచ్చు. బ్లెస్సీ పచ్చి బాలింత, తనకు ఇప్పుడే చెప్పకు. నువ్వు నన్ను ఎంత తిట్టినా పడతాను.

మధ్యాహ్నం బస్సెక్కి దవాఖానాకు వెళ్లాను. జంపయ్య ఆమె పక్కన కూర్చుని అట్టముక్కతో విసురుతున్నాడు. నన్ను చూడగానే భారతమ్మ లేవబోయింది. “నువ్వు బండి మీదుంటే గిట్ల కాకపోవు అన్నా” అంది. నిలబడే చెప్పాను, తీగ కట్టింది చెప్పాను, పీకింది చెప్పాను. జంపయ్య అట్టముక్క మంచం మీద పడేసి బయటికి పోయాడు. ఆమె ఆ అట్టముక్కను తీసి దిండు పక్కన పెట్టుకుంది.

“తీగ కట్టింది సరే అన్నా, పువ్వు కోసమే కట్టినవ్” అంది. “నేను గంత మొత్తుకుంటుంటే, ముందుగాల నా కాడికెందుకు రాలే?”

“నౌకరి పోతదని” అన్నాను.

ఆమె కట్టు కట్టిన కాలు నాకు కనబడకుండా దుప్పటి కిందికి లాక్కుంది.

ఇట్లు,
బ్లెస్సీ నాన్న,
అంతోనయ్య