వెళ్లలేని వాళ్లకు పంచిన లడ్లు

పూజ్యుడైన అన్నయ్యకు, తమ్ముడు సత్యం నీ పాదాలకు దణ్ణం పెట్టి రాస్తున్నాను.

ముందు నీ బీపీ సంగతి రాయి. వదిన కంటి ఆపరేషన్ అయ్యాక చుక్కల మందు వేళకి వేస్తున్నారా? ఇక్కడ నేను, నీ మరదలు, శ్రీను, కోడలు, మనవరాలు అందరం తింటున్నాం, తిరుగుతున్నాం, ఎవరికీ ఏ నలతా లేదు. మా గురించి బెంగ పెట్టుకోకు. నిజంగానే బాగున్నాం.

మే నెల సగమైనా ఇక్కడ వాన వదలలేదు. మీరక్కడ విసనకర్రలు పట్టుకుని కూర్చుంటే, నేనిక్కడ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాను. గోంగూర దొరకదు కదా, రూబార్బ్ అని పుల్లటి ఎర్ర కాడలు అమ్ముతారు, వీళ్లు పంచదార వేసుకుని తింటారు. నీ మరదలు దాంతో పప్పు చేస్తోంది. గోంగూరే అనుకుని కళ్లు మూసుకుని తినేయొచ్చు. ఇటు వచ్చేవాళ్లెవరైనా కనబడితే వదిన చేతి చింతకాయ పచ్చడి ఒక సీసా పంపించు.

అన్నయ్యా, సంతోషమైన సంగతి. మన శ్రీనుకి పెద్ద గౌరవం దక్కింది. ఈ దేశంలో వాళ్లు ప్రాణం పెట్టే ఒక ఆట ఉంది, ఆ ఆటలో అందరికంటే పెద్ద కౌంటీ జట్టు వాణ్ణి తమ డాక్టరుగా పెట్టుకుంది. పేపర్లో జట్టు ఫోటో వేశారు. కత్తిరించి ఇందులో పెట్టాను, కుడి చివర టోపీ పెట్టుకుని నిలబడినవాడు వాడే. ఎనిమిదో తరగతితో బడి మానేసి, ఫ్యాక్టరీలో చెరకు బళ్లు తూచుకుంటూ బతికిన నాకు ఇలాంటి రోజు రాసిపెట్టి ఉందని ఎవరనుకున్నారు? ఆ పేపరు చూసినప్పుడు నా ఒళ్లు పులకరించింది. ఎంత సంతోషమో మాటల్లో పెట్టలేను.

సంతోషమే, అబద్ధం కాదు. కానీ దాని వెనక జరిగింది తలుచుకుంటే నోరంతా చేదవుతోంది. నీకు కాక ఇంకెవరికి చెప్పను? అదంతా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆ ఆట కాలితోనూ ఆడతారు, చేత్తోనూ ఆడతారు, వైపుకి పదిహేను మంది. కౌంటీ అంటే మన జిల్లా అనుకో, ప్రతి కౌంటీకీ ఒక జట్టు. ఎవడు ఏ కౌంటీ వాడో ఆ కౌంటీకే ఆడతాడు. పక్క కౌంటీలో ఎంత బాగున్నా అటు పోడు, రూలు కూడా ఒప్పుకోదు. పైగా ఎవడికీ జీతం లేదు. వడ్రంగులు, పంతుళ్లు, బ్యాంకు గుమాస్తాలు పొద్దంతా పని చేసుకుని సాయంత్రం వచ్చి ఎముకలు విరిగేలా ఆడతారు. మొదట ఇది విన్నప్పుడు చేతులెత్తి మొక్కాను. డబ్బు అంటని ఆట ఒకటి ఇంకా మిగిలుందని పొంగిపోయాను.

అంటనిది ఆటగాడి చేతికే అన్నయ్యా. చుట్టూ ఉన్నవాటన్నిటికీ అంటింది.

మేముండే కౌంటీ చిన్నది. పేరు రాయను, ఈ ఉత్తరం నీ తరువాత మన వీధంతా చదువుతుందని నాకు తెలుసు, శ్రీనుకి మాట రాకూడదు. రెండేళ్లుగా శ్రీను ఈ చిన్న కౌంటీ జట్టుకే ఊరికే డాక్టరుగా ఉన్నాడు. మైదానంలో చీలమండ దాకా నీళ్లు. స్నానాల గదిలో వేడినీళ్లు మొదట వెళ్లిన ఐదారుగురికే వచ్చేవి. ఆడి అలిసిపోయినవాళ్లకు బ్రెడ్డు ముక్కలు, టీ. వేరే ఊళ్లో ఆట ఉంటే ఎవరి కారులో వాళ్లు నలుగురేసి ఇరుక్కుని పోవడమే. పెద్ద కౌంటీకి సొంత బస్సు, వంటమనిషి, వ్యాయామశాల, ఒళ్లు మర్దనా చేయడానికి ముగ్గురు, ఆటంతా వీడియో తీసి తప్పులు చూపించడానికి ఇంకొకడు. ఇప్పుడు ఈ దేశంలో డబ్బు వరదలా వచ్చిపడుతోంది, ఎటు చూసినా క్రేన్లే. ఆ వరద మాత్రం అటే పారుతోంది. అక్కడ జనం ఎక్కువ, కంపెనీలు ఎక్కువ. కంపెనీవాడు గెలిచే జట్టు చొక్కా మీదే తన పేరు వేయించుకుంటాడు, ఆ డబ్బుతో ఆ జట్టే మళ్లీ గెలుస్తుంది. మా జట్టు చొక్కా మీద ఎరువుల కొట్టు పేరుండేది. రెండు జట్లూ ఒకే పోటీలో ఆడాలి. బంతి ఒకటే, రూలు ఒకటే, ఎవరికీ జీతం లేదు, కాబట్టి అందరూ సమానమేనట. ఈ మాట ఇక్కడ ఎంతమంది పెద్దమనుషులు ఎంత గర్వంగా చెబుతారో.

మా జట్టు కెప్టెన్ డెక్లన్. వడ్రంగి, ముప్పై మూడేళ్లుంటాయి. వారమంతా ఆ పెద్ద కౌంటీలోనే కొత్త ఇళ్లకు తలుపులు బిగిస్తాడు. మంగళవారం, గురువారం పని దిగగానే మూడు గంటలు కారు నడుపుకుంటూ ఇక్కడికి వస్తాడు, ప్రాక్టీసు అవగానే మళ్లీ మూడు గంటలు వెనక్కి. కుడి మోకాలు అరిగిపోయింది. ఆ రెండు సాయంత్రాలూ శ్రీను అతణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు సాగదీసి, కట్టు కట్టి పంపేవాడు. ఇలా చూసుకుంటూ పోతే ఈ ఒక్క వేసవి ఆడగలడని, తరువాత ఎలాగూ మానేయాల్సిందేనని శ్రీను నాతో చెప్పాడు. ఆ ఒక్క వేసవి కోసమే డెక్లన్ ఆ ఆరు గంటల దారి తిరుగుతున్నాడు.

నేనూ శ్రీను వెంట వెళ్లి నీళ్ల సీసాలు నింపేవాణ్ణి. వాడు నన్ను నాన్నా అనడం విని జట్టంతా నన్ను నాన్నా అనే పిలిచేది. వీళ్ల మాటలో నానా అంటే అమ్మమ్మట. ఇంతేసి మగవాళ్లు నన్ను అమ్మమ్మని చేశారని తెలిసినా నాకు కోపం రాలేదు. కొడుకూ కోడలూ డ్యూటీలకి, పాప బడికి పోతే, నీ మరదలు టీవీ ముందు, నేను గోడల ముందు. ఈ దేశంలో నన్ను చూడగానే నవ్వి పలకరించినవాళ్లు వాళ్లే అన్నయ్యా.

మార్చిలో ఒక ఆదివారం భోజనాల దగ్గర శ్రీను చెప్పాడు, పెద్ద కౌంటీ వాళ్లు రమ్మంటున్నారని, ఆలోచించి వారంలో చెప్పమన్నారని. ఆలోచించడం నా చెవికెక్కలేదు. రమ్మన్నారన్నదే ఎక్కింది. మర్నాడే శనగపిండి తెప్పించాను. బూందీ గరిట లేదు, కూరలు కడిగే చిల్లుల గిన్నెలోంచి దూశాను. పొగకి మోగే గంట రెండుసార్లు మోగింది. నీ మరదలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ముందు ఆడ్ని అడగండి. ఎల్తానన్నాడా, నేదా? మీకే ఉజ్జోగం వొచ్చినట్టు ఏటీ సంబడం?" అంది.

"ఎవడైనా వద్దంటాడుటే?" అన్నాను.

మంగళవారం శ్రీనుకి ఆస్పత్రిలో ఆలస్యమైంది. నేను ముందే నడిచి మైదానానికి వెళ్లి, బట్టలు మార్చుకునే గదిలో డబ్బా తెరిచి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లడ్డూ పెట్టాను. మా వాడికి ప్రమోషన్, పెద్ద టీమ్, అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. గదిలో చప్పుడు ఆగిపోయింది. తరువాత డెక్లన్ చప్పట్లు కొట్టాడు, అందరూ కొట్టారు. డెక్లన్ లడ్డూ కొరికి, గ్రాండ్, అన్నాడు. నేనెంత మొద్దునంటే, బాగుందన్నాడు కదా అని ఇంకోటి పెట్టాను.

నా బుర్రలో ఏముందో నీకు చెప్పక్కర్లేదు. నీకు ఉద్యోగమిచ్చి రైల్వే కబడ్డీ జట్టులోకి పిలిచినప్పుడు అమ్మ వీధంతా లడ్లు పంచింది. మన ఊరి జట్టులో మిగిలిన పదకొండు మందికీ నేనే తీసుకెళ్లి పెట్టాను. తిన్నారు, నవ్వారు, నీ వీపు తట్టారు. ఆ ఏడు వాళ్లు మొదటి ఆటలోనే ఓడిపోయారు, పై ఏటికి జట్టే లేదు. వాళ్లకెలా ఉందో ఇన్నేళ్లలో నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. బాగా ఆడేవాడు బాగా చూసుకునేవాళ్ల దగ్గరికి పోతాడు, మిగతావాళ్లు సంతోషిస్తారు, ఆటంటే ఇంతే అనుకున్నాను. ఎక్కడికీ పోయే దారి లేనివాళ్ల చేతుల్లో లడ్లు పెడుతున్నానని నాకు తట్టలేదు.

బుధవారం డెక్లన్ పని మానుకుని మా ఇంటికి వచ్చాడు. తడి బూట్లు బయటే విప్పి, సోఫా అంచున కూర్చుని, శ్రీనుతో చెయ్యి కలిపాడు. మందుల షాపు ఆవిడ కట్లు కట్టడానికి ఒప్పుకుందట, ఏమీ కంగారు పడొద్దన్నాడు. శ్రీను ఏదో చెప్పబోతే ఆపేశాడు.

"నువ్వు వెళ్లాలి డాక్. మా కోసం ఆగిపోయావంటే మాకే నామోషీ."

అతను వెళ్లాక శ్రీను నా వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది.

"వద్దని చెబుదామనుకున్నాను నాన్నా. ఆ మోకాలు ఈ వేసవి దాటేదాకా ఉందామనుకున్నాను."

"అయితే ఉండు. ఇప్పుడేం మించిపోయింది?"

"ఇప్పుడుంటే జాలిపడి ఉన్నట్టవుతుంది. అది వాళ్లు భరించలేరు."

అలా వెళ్లాడు వాడు. నా లడ్లే వాణ్ణి పంపాయి. కొత్త చోట వాడికి ఏ లోటూ లేదు, మమ్మల్ని కూడా ఒకసారి ప్రాక్టీసు చూడ్డానికి పిలిచారు, వేడివేడి భోజనం పెట్టారు. నేను చూస్తుండగా ఒక ఆటగాడికి చిటికెన వేలు మెలిపడింది. ఆ సాయంత్రమే స్కానింగ్ అయిపోయింది. చిటికెన వేలికి అన్నయ్యా! వారంలో మూడు సాయంత్రాలు శ్రీను అక్కడే, రానూ పోనూ ఆరు గంటలు. డెక్లన్‌ని ఆస్పత్రికి రమ్మన్నాడు, అతను వచ్చాడు కూడా, కానీ అక్కడ అందరితో పాటు వరుసలో కూర్చోవాలి, వారానికి రెండుసార్లు పని మానుకుని రాలేడు కదా. రెండుసార్లు వచ్చి మానేశాడు. మందుల షాపు ఆవిడ మంచిదే, కట్టు కడుతుంది. లోపల ఏమవుతోందో ఆవిడకేం తెలుసు?

మొన్న ఆదివారం ఆ రెండు కౌంటీలకీ ఆట పడింది. డాక్టరు తండ్రినని నన్ను పెద్ద కౌంటీ వాళ్ల మధ్య, వాన పడని చోట కూర్చోబెట్టారు. ఆట మొదలై పావుగంట అయిందో లేదో డెక్లన్ బంతి కోసం ఎగిరి దిగాడు, లేవలేదు. మందుల షాపు ఆవిడ పెట్టె పట్టుకుని పరుగెత్తింది. ఇటు నుంచి శ్రీను కూడా పరుగెత్తాడు, కొత్త జట్టు టోపీతోనే. మోకాలు పట్టుకోగానే వాడికి తెలిసిపోయిందట, ఇక ఆట లేదని. భుజం కింద చెయ్యివేసి బయటికి నడిపించుకొచ్చాడు. మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కళ్లు తుడుచుకుని, "మా ఆటలో అందమంతా ఇదేనండీ," అన్నాడు. ఆయన మీద కేకలెయ్యాలనిపించింది. ఆయన ఇచ్చిన టీ చేతిలో పెట్టుకుని కేకలెలా వేస్తాను?

మా వాళ్లు ఎంత తేడాతో ఓడారో రాయను. నేను మాత్రం ఇంకా వాళ్లని మా వాళ్లనే అంటున్నాను, గమనించావా?

ఆట అయ్యాక పెద్ద కౌంటీ వాళ్లు బస్సెక్కి హోటల్లో విందుకి వెళ్లారు. నేను రానన్నాను. డెక్లన్ కార్లు ఆపేచోట పిట్టగోడ మీద కూర్చుని, గడ్డకట్టిన బఠాణీల పొట్లం మోకాలి మీద పెట్టుకున్నాడు. పక్కన కూర్చుని, తప్పు చేశాను, లడ్లు పంచకుండా ఉండాల్సింది అని చెప్పాను.

"నువ్వు చెప్పకపోయినా డాక్‌ని నేనే పంపేవాణ్ణి నాన్నా. లడ్లు మాత్రం దక్కేవి కాదు," అన్నాడు.

నవ్వించడానికే అన్నాడు, నాకు నవ్వు రాలేదు. చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. రూలు మార్చి, ఎవరైనా ఏ కౌంటీకైనా ఆడొచ్చంటే వెళ్తావా?

"వెళ్లను."

బస్సు ఉన్నా? రోజూ మోకాలు చూసే డాక్టరున్నా?

"వెళ్లను. మేం వెళ్లమని వాళ్లకీ తెలుసు. అందుకే మాకేమీ ఇవ్వక్కర్లేదు."

కోపంగా అనలేదు, వానొస్తోంది అన్నట్టు అన్నాడు. తరువాత, మళ్లీ తలుపులు మొయ్యడానికి ఎన్నాళ్లు పడుతుందో డాక్‌ని కనుక్కుని చెప్పమన్నాడు. అంతకంటే ఏమీ అడగలేదు.

ఇంట్లో ఎవరికీ ఆ మాట చెప్పలేదు. శ్రీనుని తలుపుల సంగతి మాత్రం అడిగాను, శీతాకాలం దాకా పడుతుందన్నాడు. వాడు వేళకి తింటున్నాడు, వేళకి పోతున్నాడు, నాతో ఎప్పటిలాగే ఉంటున్నాడు. మేం బాగానే ఉన్నామని మళ్లీ చెబుతున్నాను, నువ్వు దిగులు పెట్టుకోకు. కొత్త జట్టు కప్పు గెలిస్తే నేను సంతోషిస్తాను, వాడు నా కొడుకు కదా, మానలేను.

వదినకి నా నమస్కారాలు. అత్తయ్యకి చూపు ఆనకపోతే ఈ ఉత్తరం పైకి చదివి వినిపించు. పిల్లలకి ముద్దులు. పెద్దవాడివి, నీ నోటి మాట ఫలిస్తుందని అమ్మ అనేది, శ్రీనుని మనసారా దీవించు. ఆ చేత్తోనే డెక్లన్‌ని కూడా దీవించు, అతను చలికాలానికి తలుపులు మొయ్యగలగాలి.

నీ పాదాల దగ్గర తల వంచి,
నీ తమ్ముడు
సత్యం