చాయ్‌కి పంపిన మనిషి

బాపూ,

నారాయణఖేడ్‌లో నేను నర్సుగా ఉన్న వార్డులో మంచాలకు పైన కెమెరాలు పెట్టారు. రోగి దిగబోతున్నాడని కాళ్ల కదలిక చూసే పసిగట్టి, నా ఫోన్ మోగిస్తాయి.

ఇవాళ తుంటి ఆపరేషనైన, కంగ్టి ఊరి తాత, ఒంటేలుకు పోవాలని కోడలితో చెప్పలేక, ఆమెను చాయ్‌కి పంపి కాళ్లు దించాడు. ఫోన్ మోగింది. ఉరికి వెళ్లి తాతను పట్టుకున్నాను.

"నేను పిల్వనే లేదు గదా, నీకెట్ల ఎరుకైంది?"

కెమెరా చూపించాను.

"అబ్బా! నోరిప్పకుండనే సమజైతదా దీనికి?" అంటూ దానికి దండం పెట్టాడు. నాకూ పెట్టాలనిపించింది.

కోడలు వచ్చేసరికి పని కానిచ్చుకుని మంచం మీదే ఉన్నాడు. చాయ్ వేడివేడిగా తాగాడు.

ఆపరేషనయ్యాక నువ్వూ ఇట్లాగే అమ్మను చాయ్‌కి పంపావు. ఆమె తిరిగొచ్చేసరికి నేల మీద పడి ఉన్నావు. నీ చాయ్ అమ్మ చేతిలోనే చల్లారింది.