చక్కెర లేని మందు

బంగారంలాంటి మా అక్కకి,

ఈ ఉత్తరం చదివితే ఎగిరి గంతేస్తావు. మా పెద్దసారు పని బెడిసికొట్టింది!

మేం చేసే మందు సంగతి నీకు తెలుసుగా. పుండులో చేరిన క్రిములు చుట్టూ జిగురుపొర కట్టుకుని దాక్కుంటాయి. మామూలు యాంటీబయాటిక్ ఆ పొర దాటలేదు. అందుకే దాన్ని కంటికి కనపడని నానో రేణువుల్లో నింపి లోపలికి పంపుతాం. వాటిని గడ్డకట్టించి ఆరబెట్టేటప్పుడు ఒకదానికొకటి అతుక్కోకుండా నేను కాస్త చక్కెర కలిపేదాన్ని. ఆ చక్కెర సీసా చూసి ఆయన, వచ్చిన అతిథులందరి ముందూ, "ఇది ల్యాబా, మిఠాయి కొట్టా?" అని నవ్వాడు. ఎందుకో చెప్పబోతే నోరు మూయించాడు. "చక్కెర లేకుండా నేను చేయించి చూపిస్తా. రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నాడు. ఆయన గదిలో ఒకటే కుర్చీ, అదీ ఆయనదే. ఇన్నేళ్లూ ఆ బల్ల ముందు నిలబడే తిట్లు తిన్నాను, నిలబడే ఉద్యోగం పోగొట్టుకున్నాను.

ఇప్పుడు రేణువులు ముద్దకడుతున్నాయట. చక్కెరకీ దీనికీ సంబంధమే లేదనుకుని, కారణం అంతుపట్టక జుట్టు పీక్కుంటున్నాడట. నాకెంత హాయిగా ఉందో! చచ్చినా చెప్పను. నలుగురిలో ఆయన తల దించుకోవాలి, అది నేను కళ్లారా చూడాలి.

నీ కందిరీగ

ఒసే కందిరీగా,

నీ ఉత్తరం నర్సుల గదిలో చదివాను. గంతేయలేదు. మీ సారు మందు ఈ వారం నుంచి మా వార్డులోనే వాడి చూస్తున్నారు. కిటికీ పక్క మంచం మీద ఒక దర్జీ ఉన్నాడు. అతని కాలి పుండుకి ఇంకే మందూ పనిచేయలేదు. ఇవాళ సీసాలో నీళ్లు పోసి ఎంత కలిపినా అడుగున పలుకులు మిగిలాయి. వాడకుండా పక్కన పెట్టేశాను. డాక్టరుగారు కాలు తీసేద్దామంటున్నారు. అతనేమో, "సిస్టరమ్మా, కాలు లేకపోతే మిషను ఎలా తొక్కను?" అని నన్నడుగుతున్నాడు.

నిన్ను అంత మాటన్నవాణ్ణి వదిలేయమని నేననను. కానీ ఇక్కడ పోయేది ఆయన పరువు కాదే పిచ్చిదానా, దర్జీ కాలు.

అక్క

అక్కా,

దర్జీ పుండు మానుతోందని, కాలు నిలిచినట్టేనని నువ్వు పంపిన చీటీ అందింది. భోరున ఏడ్చేశాను. ఇక ఆ రోజు ఏం జరిగిందో విను.

నీ ఉత్తరం అందగానే పరుగెత్తాను. ఆయన గదిలో అందరూ నిలబడి తిట్లు తింటున్నారు. నేరుగా వెళ్లి బల్ల మీద చక్కెర సీసా పెట్టాను. "మిఠాయి కొట్టు తెరిచాను సార్."

"సరే, కలిపి చూపించు" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరే కలపాలి సార్. నేను పక్కనుండి చెప్తాను."

అందరి కళ్లూ ఆయన మీదే. త్రాసూ మందూ ఆ బల్ల మీదికే తెప్పించి, తొడుగులు వేసుకుని చక్కెర తూచాడు. తప్పు తూచాడు. మళ్లీ తూయించాను. ఆ తర్వాత ఇంకోసారి తూయించాను. నిజానికి రెండోసారికే సరిపోయింది, అది నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ నమూనా ఆరాక చూస్తే ఒక్క పలుకు లేదు. అప్పుడు ల్యాబులో మీ వార్డుకి కొత్త మందు చేయించారు.

మళ్లీ ఉద్యోగంలోకి రమ్మన్నాడు. ఆలోచిస్తానన్నాను. క్షమించావా అని మాత్రం అడగకు. ఆయన నిలబడి కలుపుతున్నంతసేపూ నేను కూర్చునే ఉన్నాను. ఆ గదిలో ఎన్ని కుర్చీలున్నాయో నీకు రాశానుగా.

నీ కందిరీగ