లింకు లేని మనుషులు

మంగళవారం రాత్రి

గాలివానకి ముందు సముద్రంలో చేపల వేటకెళ్లినవాళ్లంతా ఒడ్డు చేరారని నిన్న మధ్యాహ్నం మధురవాడ ఆఫీసులో జాబితా మూసేశాను. నా మాట మీదే గాలింపు ఆపేశారు. ఈ ఉదయం ఫోన్ నంబర్లు సరిచూద్దామని భీమిలి వెళ్తే, అప్పలనర్సయ్య అనే ముసలాయన తెప్ప లాక్కుంటూ అప్పుడే ఒడ్డెక్కుతున్నాడు. పెదవులు ఉప్పుకి పగిలిపోయాయి.

"నా కోసం ఎవలైనా ఎతికారేటమ్మా?" అన్నాడు.

నా జాబితాలో ఆయన పేరు లేదు. ఇంటివాళ్ల నంబరు అడిగాను.

"ఇంటిది పోనాది. పిల్లల్లేరు. నంబరెక్కడిది?"

అప్పుడర్థమైంది. మా గ్రాఫ్ డేటాబేస్‌లో ప్రతి మనిషినీ ఒక లింకు అతని ఇంటి ఫోనుతో కలుపుతుంది. జాబితా తీయడానికి నేను రాసిన క్వెరీ ఆ లింకు ఉన్నవాళ్లనే వెతికింది. లింకు లేకపోతే నంబరు దగ్గర ఖాళీ చూపించదు, మనిషినే వదిలేస్తుంది. ఎర్రర్ కూడా రాదు.

ఆఫీసుకొచ్చి, నంబరు దొరక్కపోయినా పేరు రావాలని క్వెరీలో ఆ లింకుని ఆప్షనల్ మ్యాచ్‌గా మార్చాను. కొత్తగా నాలుగు పేర్లు వచ్చాయి. అప్పలనర్సయ్య కాక ఇద్దరు ఇళ్లలోనే ఉన్నారని సాయంత్రానికి తెలిసింది. నాలుగో పేరు ఎర్రయ్య. గాలివాన తర్వాత అతన్ని చూసినవాళ్లే లేరు.

తప్పు నాదేనని మా సార్‌తో చెప్పాను. ఆయన తిట్టలేదు. "సీకటడిపోనాదమ్మా. తెల్లారగానే బోటు పంపిత్తాం" అన్నారు.

తెల్లారేదాకా ఎర్రయ్య నీళ్ల మీదే ఉంటాడు, ఉంటే.

నిన్న రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.